మరమ్మతు ఎవరి చేతిలో? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌పై కర్నూలు, కడపల నుంచి ఒక పరిశీలన

కడప జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీ. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండున్నర. లైబ్రేరియన్ మేడమ్ తన కంప్యూటర్లో ‘వేమన’ అని తెలుగులో కొట్టి వెతికారు. ఫలితాలు సున్నా అని వచ్చింది. ఆమె వెనక బీరువాలో వేమన మీద పుస్తకాలు పదికి పైనే ఉన్నాయి. వాటి వెన్నుల మీద అంటించిన నంబరు చీటీలు నేను కూర్చున్న చోటికి కనిపిస్తున్నాయి. అదే గడిలో ఇంగ్లీషు పేరు కొడితే పుస్తకాలు వరసగా దిగాయి.

“నాలుగు నెల్లాయ సార్ ఇట్ల. ఇంగ్లీషు బుక్కులైతే చూపిస్తాది. తెలుగువి ఉన్నా లేనట్లే. పిల్లోళ్ళు వచ్చి అడిగితే నేనే లేసి పొయ్యి తీసిస్తాండా” అన్నారామె. టేబుల్ మీద అక్సెషన్ రిజిస్టరు తెరిచే ఉంది. కంప్యూటర్ వచ్చి ఆరేళ్ళయినా ఆ బైండు పుస్తకం రాయడం ఆమె మానలేదు.

ఆ లైబ్రరీలో నడుస్తున్నది కోహా అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. ఊరి బయటి కంపెనీ ఒకటి వచ్చి పెట్టిపోయింది. రెండేళ్ళు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) నడిచింది. మూడో ఏడు రెన్యూవల్ ఫైలు ఎక్కడో ఆగింది. ఇప్పుడు ఫోన్ చేస్తే ఏఎంసీ లేదు కదండీ అంటున్నారు. ఆ మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. ప్రిన్సిపాల్‌గారి బాధ వేరు. “ఊరికే వచ్చిందంటే ఇంతే. అడిగే నాథుడుండడు. డబ్బు పెట్టి కొనుంటే ఎవరినో ఒకరిని నిలదీసేవాళ్ళం.” కంప్యూటర్లు చెప్పే కుర్ర లెక్చరర్ ఒప్పుకోలేదు. “ప్రపంచమంతా వలంటీర్లు ఉన్నారు సార్. అడిగితే చెప్తారు. మనమే అడగలేదు.”

ఈ వ్యాసం ఆ ఇద్దరి తగవు మీద. మూలరూపం (సోర్స్ కోడ్) అందరికీ తెరిచి ఉన్న సాఫ్ట్‌వేర్ చెడిపోతే ఎవరిని నమ్మాలి? డబ్బు తీసుకొని బాధ్యత పడతానన్న కంపెనీనా, డబ్బు అడగకుండా, మాటా ఇవ్వకుండా సాయం చేసే సముదాయాన్నా? ఒక లైబ్రరీని చూసి రెండు జిల్లాల మీద తీర్పు చెప్పకూడదు కాబట్టి, ఏం జరిగిందో బయటికి నమోదైన ఉదంతాలనే ఇక్కడ ప్రధాన ఆధారంగా తీసుకున్నాను. నేను కళ్ళారా చూసినవి ఆ ఉదంతాలు ఎక్కడ అతుకుతాయో, ఎక్కడ అతకవో చూసుకోవడానికి మాత్రమే.

కంపెనీ కాలువ

కర్నూలు, కడపల వాళ్ళకు కంపెనీని నమ్మడం కొత్త కాదు. ఈ రెండు ఊళ్ళ పేర్లూ మోస్తున్న కేసీ కాలువ పుట్టింది ఒక ప్రైవేటు కంపెనీ చేతిలో. 1858లో లండన్‌లో ఏర్పడిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీకి పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద నూటికి అయిదు చొప్పున రాబడికి ప్రభుత్వమే హామీ ఇచ్చింది. 1863లో పని మొదలైంది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, అక్కడి నుంచి కడప దాకా దాదాపు 300 కిలోమీటర్లు తవ్వారు. నీళ్ళు అమ్మవచ్చు, పడవలు నడపవచ్చు అన్నది లెక్క. నల్లరేగడిలో వాన మీద జొన్న, పత్తి పండించుకునే రైతు నీళ్ళు కొనడానికి ముందుకు రాలేదు. పడవల రాబడీ అంతంతమాత్రమే. కంపెనీ నిలదొక్కుకోలేదు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది.

ఈ కథను కంపెనీలు దగా చేస్తాయనడానికి సాక్ష్యంగా చదివేవాళ్ళున్నారు. నాకు అలా కనిపించదు. కంపెనీ పోయాక కూడా కాలువ ఉంది, నేటికీ పారుతోంది. నేల మీద తవ్విన కాలువను మూటగట్టుకొని లండన్ పోవడం ఎవరివల్లా కాదు. కట్టినవాడు దివాలా తీసినా మరొక చెయ్యి అందుకోవడానికి వీలున్న పని అది. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ముందు అడగవలసింది ఇదేనని నా అభిప్రాయం: కట్టినవాడు వెళ్ళిపోతే మనకు మిగిలేదేమిటి?

కోహా తన సొంత కథ

కోహా అంటే న్యూజిలాండ్ మావోరీల భాషలో కానుక. అక్కడ లెవిన్ అనే చిన్న పట్నంలోని హోరోఫెనువా లైబ్రరీ ట్రస్టు వాడుతున్న పాత సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరం రాగానే తేదీలు తప్పుతుందని 1999లో తెలిసింది. కొత్తది కొనే స్తోమత లేక, కటిపో అనే ఆ దేశపు కంపెనీతో రాయించుకున్నారు. 2000 జనవరి 3న అది పని మొదలెట్టింది. దాన్ని జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. అంటే మొట్టమొదటి అడుగే ఒక సంస్థ డబ్బిచ్చి కంపెనీతో చేయించుకున్నది. వలంటీర్లు తర్వాత వచ్చారు.

తర్వాతి పదేళ్ళు ఈ తగవుకు పాఠ్యపుస్తకం లాంటివి. అమెరికాలో లిబ్‌లైమ్ అనే కంపెనీ కోహా మీద సేవలు అమ్ముతూ పెరిగింది. 2007లో కటిపో దగ్గరున్న కోహా వ్యాపారాన్ని కొన్నది. దాంతో పాటు ప్రాజెక్టు పాత ఇంటర్నెట్ చిరునామా కూడా దాని చేతికి పోయింది. 2009లో తన ఖాతాదారులకు వేరే రూపాంతరం ఇస్తానని చెప్పేసరికి వలంటీర్లతో చెడింది. 2010లో లిబ్‌లైమ్‌ను పీటీఎఫ్ఎస్ అనే మరో కంపెనీ కొనేసింది. ఆ రోజుల్లోనే న్యూజిలాండ్‌లో కోహా అన్న పేరునే ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి కంపెనీ వైపు నుంచి దరఖాస్తు పడింది. మావోరీ మాట మీద, అందులోనూ కానుక అన్న మాట మీద, హక్కు అడగడం అక్కడ చిన్న గొడవ కాలేదు. లెవిన్ ట్రస్టు చందాలు పోగేసి ఎదురు నిలిచింది. 2013లో ట్రస్టు గెలిచింది.

ఈ పదమూడేళ్ళలో కోహా ఆగలేదు. వలంటీర్లు కొత్త చిరునామాకు మారి కొత్త వెర్షన్లు తెస్తూనే ఉన్నారు. ఇప్పుడూ ఏటా మే, నవంబరు నెలల్లో కొత్తది వస్తుంది. అయితే ఆ వలంటీర్లు అన్నవాళ్ళలో చాలామంది ఎవరు? ఫ్రాన్స్‌లో, న్యూజిలాండ్‌లో, ఇంగ్లండులో, అమెరికాలో కోహా సేవలు అమ్మే చిన్న చిన్న కంపెనీల జీతగాళ్ళు. ఒక పెద్ద కంపెనీ తప్పుకున్నప్పుడు ప్రాజెక్టును నిలబెట్టినవాళ్ళలో పోటీ కంపెనీల మనుషులు ఉన్నారు. అందువల్ల కోహా కథను వలంటీర్ల విజయం అని రాసేయడం సగం నిజం. మూలరూపం తెరిచి ఉంది, పనిచేయగలవాళ్ళు ఒకరికి మించి ఉన్నారు. ఈ రెంటిలో ఏది లేకపోయినా 2009లోనే పని ఆగేదేమో.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. బతికి బట్టకట్టింది కాబట్టే కోహా గురించి మనం మాట్లాడుకుంటున్నాం. అలా రాసి, రాసినవాళ్ళకు పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలు మారి, మూలన పడిన లైబ్రరీ సాఫ్ట్‌వేర్లు కోకొల్లలు. బతికినవాటినే లెక్కపెడితే ఏ వైద్యమైనా గొప్పదిగానే కనిపిస్తుంది.

మాట ఇచ్చినవాళ్ళూ, ఇవ్వనివాళ్ళూ

కంపెనీ పక్షాన ఉన్న బలమైన వాదం గడువు. ఇన్నేళ్ళ వరకు మాది పూచీ అని రాతపూర్వకంగా చెప్పేది కంపెనీయే. ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూడటానికి సెంటోస్ ఉదంతం కన్నా మంచిది దొరకదు.

రెడ్‌హ్యాట్ కంపెనీ డబ్బుకు అమ్మే లినక్స్‌ను దాని మూలరూపం నుంచి తిరిగి కట్టి ఉచితంగా ఇచ్చినది సెంటోస్. మొదట పూర్తిగా వలంటీర్ల పని. కాలేజీ ల్యాబుల్లో, చిన్న హోస్టింగ్ వ్యాపారాల్లో సర్వర్లకు పెట్టుకునేవాళ్ళు దీన్నే పెట్టుకునేవాళ్ళు. 2014 జనవరిలో సెంటోస్ రెడ్‌హ్యాట్ గొడుగు కిందికి వెళ్ళింది. కంపెనీ అండ దొరికిందని చాలామంది సంతోషించారు. 2019లో రెడ్‌హ్యాట్‌ను ఐబీఎం కొన్నది. అదే ఏడు సెప్టెంబరులో వచ్చిన సెంటోస్ 8కి 2029 దాకా మరమ్మతులు వస్తాయని అందరూ అనుకున్నారు. 2020 డిసెంబరు 8న వచ్చిన ప్రకటన ప్రకారం ఆ గడువు 2021 డిసెంబరు 31కి తగ్గిపోయింది. ఏడేళ్ళకు పైగా గడువు ఒక్క ప్రకటనతో ఎగిరిపోయింది.

ఆ తర్వాత జరిగింది కూడా లెక్కలో వేసుకోవాలి. ఏడాది తిరక్కముందే రెండు ప్రత్యామ్నాయాలు వచ్చాయి. ఆల్మాలినక్స్‌ను క్లౌడ్‌లినక్స్ అనే కంపెనీ మొదలుపెట్టి 2021 మార్చిలో విడుదల చేసింది. రాకీ లినక్స్‌ను సెంటోస్ తొలి స్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్‌జర్ పిలుపు మీద చేరినవాళ్ళు జూన్‌లో తెచ్చారు. సర్వర్లు నడుపుతున్నవాళ్ళకు శ్రమ తప్పలేదు, కానీ దారి మూసుకుపోలేదు.

వలంటీర్ల వైపు మరో లినక్స్ అయిన డెబియన్‌ను చూద్దాం. 1993 నుంచి యజమాని లేకుండా నడుస్తోంది. ఒక్కో వెర్షన్‌కు సుమారు మూడేళ్ళు మామూలు మరమ్మతులు. ఆ పైన మరో రెండేళ్ళు పొడిగించే ఏర్పాటు 2014లో మొదలైంది. ఆ పొడిగింపు పని చేసేవాళ్ళకు కూలి ఇస్తున్నది దాన్ని వాడుకునే కంపెనీలు, సంస్థలు. పాత వెర్షన్‌కు మరమ్మతు చేయడం ఎవరికీ సరదా కాదు. కొత్త గది కట్టడానికి సాయం వచ్చేవాళ్ళు పాత గోడకు సున్నం కొట్టడానికి రారు. విసుగు పనికి డబ్బు కావాలన్నది ముప్పై ఏళ్ళ వలంటీర్ ప్రాజెక్టే ఒప్పుకున్న సంగతి.

డబ్బు అందకపోతే ఏమవుతుందో 2014 ఏప్రిల్‌లో తేలింది. బ్యాంకుల నుంచి బడి ఫీజుల దాకా ఇంటర్నెట్‌లో తాళం వేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. అన్ని వ్యాపారాలు ఆనుకున్న ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా వస్తున్న విరాళాలు ఏడాదికి సుమారు రెండు వేల డాలర్లు. పూర్తి సమయం పనిచేసే మనిషి ఒక్కడు. కంపెనీలు కలిసి నిధి పెట్టింది ఆ తర్వాతే.

2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా ఇబ్బందికరమైనది. ఫైళ్ళను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఫిన్లాండ్‌కు చెందిన లాసె కాలిన్ ఏళ్ళ తరబడి ఒంటరిగా, జీతం లేకుండా చూసుకున్నాడు. ఆయన అలసిపోయిన సమయంలో జియా టాన్ అన్న పేరుతో ఎవరో వచ్చి, రెండేళ్ళకు పైగా బుద్ధిగా సాయం చేసి, నమ్మకం సంపాదించి, చివరికి దొంగదారి ఒకటి పెట్టారు. కనిపెట్టినది ఆండ్రెస్ ఫ్రాయిండ్. మైక్రోసాఫ్ట్ ఉద్యోగి, పోస్ట్‌గ్రెస్ అనే స్వేచ్ఛా డేటాబేస్‌కు పనిచేసేవాడు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆయనకు అనుమానం వచ్చింది. వలంటీర్ ఇంట్లో దొంగ పడితే కంపెనీ జీతగాడు పట్టుకున్నాడు, అదీ మూలరూపం తెరిచి ఉండటం వల్ల. ఈ ఒక్క ఉదంతాన్ని ఏ పక్షంలో వెయ్యాలో నాకు తోచలేదు. రెండు పక్షాల గీతే తప్పు చోట గీశామేమోనన్న అనుమానం ఇక్కడే మొదలైంది.

తెలుగు అక్షరం దగ్గర

దూరపు ఉదాహరణలు చాలు. తెలుగువాడికి కంప్యూటర్ మరమ్మతు అనగానే ముందు గుర్తొచ్చేది అక్షరం. కర్నూలులో కొండారెడ్డి బురుజు దగ్గరి సందులో ఒక డీటీపీ సెంటరుకు వెళ్ళాను. పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, వర్ధంతి ఫ్లెక్సీలు అక్కడి పని. తెర మీద పేజ్‌మేకర్, అందులో అను ఫాంట్లు. అడోబీ కంపెనీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్‌ను 2001లో ఇచ్చింది. 2004లో ఇక దాన్ని పెంచేది లేదని చెప్పేసింది. ఇరవై ఏళ్ళ కిందట సృష్టికర్త వదిలేసిన సాఫ్ట్‌వేర్ మీద ఆ సెంటరు ఓనరు వేళ్ళు పరుగెడుతున్నాయి. దీనికి సపోర్టు ఎవరని అడిగాను. పక్క సందులో ఇంకో డీటీపీ ఆయన ఉన్నాడట. “మా వోడే. పోన్ జేస్తే టీ తాగి పొయ్యేలోపు బాగుజేస్తాడు.”

ఆ జవాబు నాకు చాలాసేపు వదల్లేదు. పేజ్‌మేకర్ ఓపెన్ సోర్స్ కాదు. దానికి కంపెనీ లేదు, ప్రపంచవ్యాప్త సముదాయమూ లేదు. ఉన్నది ఒకే వృత్తిలో ఉన్న నలుగురు, ఫోను దూరంలో. అదే నడిపిస్తోంది. కాకపోతే లోపలున్నది బయటికి రాదు. పాత పద్ధతి అను ఫాంట్లలో కొట్టిన తెలుగు, అన్ని యంత్రాలూ చదవగల యూనికోడ్ కాదు. దాన్ని ఫోన్లో పెడితే గజిబిజి ఇంగ్లీషు గుర్తులుగా కనిపిస్తుంది. ఇరవై ఏళ్ళుగా కొట్టిన పత్రికలు, పుస్తకాలు ఆ గూట్లో చిక్కుకున్నాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పనిముట్లు తయారు చేసినవాళ్ళలో వలంటీర్లు ఉన్నారు. ఇలాంటి గోడే వార్తాపత్రికల సైట్లకూ ఒకప్పుడు ఉండేది. ఒక్కో పత్రికకు ఒక్కో సొంత ఫాంటు. వెన్న నాగార్జున రాసిన ‘పద్మ’ అనే పొడిగింపు ఫైర్‌ఫాక్స్‌లో ఆ గోడను దాటించింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా పొడిగింపులన్నిటికీ స్వస్తి చెప్పే నాటికి పెద్ద పత్రికలు చాలావరకు యూనికోడ్‌లోకి వచ్చేశాయి. తన అవసరం తీరేదాకా బతికిన పనిముట్టును విఫలమైందనడం న్యాయం కాదు.

స్వేచ్ఛా తెలుగు ఫాంట్ల చరిత్రలోనూ మూడు రకాల చేతులు కనిపిస్తాయి. లోహిత్ తెలుగు కంపెనీ ఇచ్చింది. పుణేలోని మాడ్యులర్ ఇన్ఫోటెక్ తయారు చేసిన అక్షరాలను రెడ్‌హ్యాట్ 2004లో జీపీఎల్ కింద వదిలింది, 2011లో ఇంకా తేలికైన ఓపెన్ ఫాంట్ లైసెన్సులోకి మార్చింది. పోతన 2000, వేమన 2000 అనే ఫాంట్లు తిరుమల కృష్ణ దేశికాచార్యులు అనే ఒక్క మనిషి కృషి. పోతనది ఓరుగల్లా, మా ఒంటిమిట్టా అన్న తగవు ఎటు తేలినా, ఆయన పేరు పెట్టుకున్న ఫాంటు డెబియన్‌లో పదిలంగా ఉంది. పెద్దన, ధూర్జటి, తిమ్మన, రామభద్ర లాంటివి సిలికానాంధ్ర చొరవతో వచ్చి, స్వేచ్ఛా లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లోకి చేరాయి. కంపెనీ, వ్యక్తి, ప్రవాసుల సంస్థ. ఎవరు మొదలుపెట్టినా, లైసెన్సు తెరిచి ఉన్నవి మరొక చోట ఆశ్రయం పొందాయి.

కంపెనీ చేతిలోనే ఉన్న అక్షరం సంగతి 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’లో కంటికి కనిపించని విడదీత గుర్తు ఒకటి ఇరుక్కున్న రూపం వస్తే చాలు, ఐఫోన్ కుప్పకూలింది. ఆ అక్షరంతో ఎవరైనా సందేశం పంపితే యాప్ తెరుచుకునేది కాదు. జ్ఞానమే ప్రాణం మీదికి తెచ్చిందని అప్పట్లో జోకులేసుకున్నాం. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. విషయం పత్రికలకెక్కిన వారంలోపే. ఏ వలంటీర్ సముదాయమూ కోట్ల ఫోన్లకు అంత వేగంగా మందు చేర్చలేదు. కంపెనీల పక్షాన ఇది గట్టి ఆధారం, దాచకూడదు.

కాకపోతే ఆ వేగం వెనక కారణం కూడా చూడాలి. ఆ లోపం తెలుగువాళ్ళదిగా మిగల్లేదు. న్యూయార్క్‌లో ఎవరి ఫోన్నైనా పడగొట్టగల ఆయుధమైంది. తెలుగు ఒత్తు పక్కకు జరిగిందనో, అకారాది క్రమం తప్పిందనో ఫిర్యాదు చేస్తే అదే వేగం ఉంటుందని ఈ ఉదంతం నుంచి తీర్మానించలేం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రేఆఫీస్‌లలో ఒత్తులను పేర్చే హార్ఫ్‌బజ్ తెరిచి ఉన్నది. దాని ముఖ్య నిర్మాత బెహ్దాద్ ఎస్ఫాబోద్ రెడ్‌హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో జీతం తీసుకుంటూ ఆ పని చేశాడు. ఇక్కడా ఆ పాత గీత నిలవదు.

బిల్లు రాని సాయం

ఇక మన ఆఫీసుల సంగతి. 2015 మార్చిలో భారత ప్రభుత్వం ఓపెన్ సోర్స్ విధానం ప్రకటించింది. కొత్త వ్యవస్థలకు ఓపెన్ సోర్స్‌ను ముందుగా పరిశీలించాలి, వద్దనుకుంటే కారణం చూపాలి అన్నది సారాంశం. సాఫ్ట్‌వేర్ ఎంపిక వరకు ఇది బాగానే ఉంది. మరమ్మతు దగ్గరికొచ్చేసరికి చిక్కు. కాలేజీ డబ్బు ఖర్చు పెట్టాలంటే కొటేషన్లు మూడు కావాలి, ఎల్-1 (అన్నిటికన్నా తక్కువ ధర) కావాలి, జీఎస్టీ బిల్లు కావాలి. సముదాయానికి జీఎస్టీ నంబరుండదు. రాత్రి పూట కూర్చుని జవాబు రాసిన మనిషికి వెయ్యి రూపాయలిస్తే ఆడిట్‌లో అభ్యంతరం రాస్తారు. కాబట్టి ఆఫీసు దృష్టిలో వలంటీర్ సాయం లేనట్టే లెక్క, ఆ మేడమ్ తెలుగు పుస్తకాల్లాగా. ప్రిన్సిపాల్‌గారు కంపెనీనే కోరుకోవడం మూఢత్వమేమీ కాదు. ఆయన ఖాతా పుస్తకంలో కంపెనీకి తప్ప వేరే దానికి పద్దు లేదు.

పూర్వం ఈ సీమలో అలాంటి పద్దు ఒకటి ఉండేది. చెరువు కట్టించినవాడికి, తెగిన కట్టను నిలబెట్టినవాడికి దశబంధం కింద పదో వంతు భూమో, రాబడో దక్కేది. కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువును బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించాడు. 1369 నాటి శాసనం అక్కడే భైరవాలయం దగ్గర ఉంది. రెండేళ్ళపాటు రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేసిన లెక్క అందులో ఉంది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు ఇద్దరు రాజుల సరిహద్దులో ఉండటం. నీరు ఊరడం, చవిటి నేల లాంటి దోషాలు ఏ ఇంజినీరైనా చెప్తాడు. సరిహద్దును దోషాల పట్టీలో చేర్చినవాడు మాత్రం తగవులు చూసినవాడై ఉండాలి.

కడప లైబ్రరీలో కోహా చెడింది సరిగ్గా సరిహద్దులోనే. కంపెనీ హద్దు ఏఎంసీతో అయిపోయింది. సముదాయం హద్దు తమ కోడ్ దాకా, ఒక్కో ఇంట్లో మార్చుకున్న అమరికల దాకా కాదు. మధ్యలో ఉన్న జాగాకు రాజు లేడు.

కేరళలో ఆ జాగాను ఉపాధ్యాయులు నింపారు. 2000 దశకంలో ఐటీ@స్కూల్ పథకం బడుల్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోకి మార్చినప్పుడు, బడి పంతుళ్ళనే మాస్టర్ ట్రైనర్లుగా తయారు చేసింది. కంప్యూటర్ మొరాయిస్తే చూసేవాడు జీతం తీసుకునే ప్రభుత్వోద్యోగి, అందుబాటులో ఉన్నవాడు, పైగా ఆ పని అతని డ్యూటీ. తెలుగు నేలలో హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థి బృందాలను పెంచింది. గట్టి కృషే. అయితే విద్యార్థి నాలుగేళ్ళకు వెళ్ళిపోతాడు, పంతులు ముప్పై ఏళ్ళుంటాడు. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, కర్నూలులో ఐఐఐటీడీఎం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్న ప్రాంతంలో తెలిసిన చేతులకు కరువుందని నేననుకోను. ఆ చేతులకు ఊరి లైబ్రరీతో ముడి వేసే ఉత్తర్వు ఒకటి కావాలి.

నోరెత్తని ఫైలు

మళ్ళీ ఆ లైబ్రరీకి. రెండోసారి వెళ్ళినప్పుడు కుర్ర లెక్చరర్ తన ఫైనలియర్ విద్యార్థినిని వెంట తెచ్చాడు. ఆ పిల్ల మొదట చేసిన పని, వెతుకులాటకు పట్టీ తయారు చేసే జీబ్రా అనే భాగం అమరికలున్న ఫోల్డరు తెరవడం. అక్కడ ఒకే పేరుతో రెండు ఫైళ్ళు కనిపించాయి. ఒకటి డిసెంబరు తేదీతో ఉంది. రెండోది ఆరేళ్ళ నాటిది, పేరు చివర ‘డీపీకేజీ-ఓల్డ్’ అని తోక ఉంది. రెంటినీ పక్కపక్కన పెట్టింది. పాత ఫైల్లో ఐసీయూ అన్న మాట ఉంది. కొత్తదాంట్లో లేదు.

కోహా సముదాయం రాసి ఉంచిన వివరణలో ఇది ఉంది. జీబ్రా మామూలుగా లాటిన్ లిపికి అలవాటు పడినది. తెలుగు, ఉర్దూ లాంటి లిపుల్లో మాటలు వెతకాలంటే ఐసీయూ అనే లిపుల గ్రంథాలయాన్ని వాడమని చెప్పాలి. ఆరేళ్ళ కిందట వచ్చిన కంపెనీ కుర్రాళ్ళు ఆ పని శుభ్రంగా చేశారు. డిసెంబరులో యూపీఎస్ బాగుచేయడానికి వచ్చిన అబ్బాయి, సిస్టం పాతబడింది మేడమ్ అని ఉపకారబుద్ధితో అప్‌గ్రేడ్ చేశాడు. మధ్యలో అది ఒక ప్రశ్న అడుగుతుంది: ఈ ఫైలును మీరు మార్చుకున్నారు, మీదే ఉంచమంటారా, కొత్తది పెట్టమంటారా? అతను వై నొక్కాడు. కొత్తది వచ్చి కూర్చుంది. పాతదాన్ని పారెయ్యకుండా తోక తగిలించి పక్కన పెట్టడం ఆ వ్యవస్థ మర్యాద.

ఆ పిల్ల పాత ఫైలును తిరిగి దాని చోట పెట్టి, పట్టీ మొత్తం మళ్ళీ కట్టమని ఆజ్ఞ ఇచ్చింది. ముప్పై వేల పైచిలుకు పుస్తకాలు. ఫ్యాను కింద కూర్చుని టీ తాగాం. అరగంట దాటాక మేడమ్ ‘వేమన’ అని కొట్టారు. పద్నాలుగు వచ్చాయి.

సరైన అమరిక కంపెనీది. దాన్ని అర్థం చేసుకునే జ్ఞానం సముదాయానిది. కలిపింది ఊళ్ళో పిల్ల. ఆ పిల్ల మే నెలలో బెంగళూరు పోతోంది, ఉద్యోగం వచ్చింది.

మేడమ్‌కు ఆ సంగతి తెలుసు. అక్సెషన్ రిజిస్టరు చివరి అట్ట లోపలివైపు ఎర్ర పెన్నుతో ఆ ఆజ్ఞను పెద్దక్షరాల్లో రాసుకున్నారు. “మేడమ్, చిన్నక్షరాలే రాయండి. పెద్దవైతే అది వినదు” అంది పిల్ల. కొట్టేసి మళ్ళీ రాశారు. కింద తెలుగులో ఇంకో ముక్క చేర్చి రెండు గీతలు గీశారు: అడిగితే ఎన్ నొక్కాల. వై నొక్కగూడదు.